భర్త విదేశంలో చనిపోతే.. బడంగ్‌పేట్‌లో డెత్ సర్టిఫికెట్ ఎందుకివ్వరు? ముందు ఏ ఆఫీసుకు చెప్పాలి?

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో గేటు నుంచి అంబులెన్స్ బయటికొస్తుంది. అక్కడి నుంచి బడంగ్‌పేట్ ఎంతో దూరం కాదు. అంత్యక్రియలు అయిపోతాయి. పెద్దకర్మ కూడా అయిపోతుంది. చుట్టాలంతా వెళ్లిపోయాక ఆ ఇల్లాలి చేతిలో మిగిలేది ఒక ప్లాస్టిక్ కవర్. అందులో అరబిక్‌లోనో, ఇంగ్లిష్‌లోనో నాలుగైదు కాగితాలు. అసలు తిరుగుడు అప్పుడే మొదలవుతుంది.

బ్యాంకు వాళ్లు డెత్ సర్టిఫికెట్ అడుగుతారు. దాని కోసం మున్సిపల్ ఆఫీసుకు వెళితే 'మేం ఇవ్వలేం' అంటారు. పైగా బడంగ్‌పేట్ ఇప్పుడు విడిగా మున్సిపల్ కార్పొరేషన్ కూడా కాదు. 2025 డిసెంబర్‌లో శివార్లలోని 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలిపారు. బడంగ్‌పేట్‌తో పాటు శంషాబాద్, జల్‌పల్లి, మీర్‌పేట్, తుక్కుగూడ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దాంతో పాత ఆఫీసుకు పోవాలా, కొత్త ఆఫీసుకు పోవాలా అన్న అయోమయం మరొకటి. నిజానికి ఈ విషయంలో రెండూ సరైన చోటు కాదు. ఎందుకో చూద్దాం.

మున్సిపాలిటీ ఎందుకు ఇవ్వదు?

మన దేశంలో జనన మరణాల నమోదుకు 1969 నాటి చట్టం ఉంది. దాని మూల సూత్రం ఒక్కటే. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. మనిషి సొంతూరు ఏది, అంత్యక్రియలు ఎక్కడ చేశారు అన్నది లెక్కలోకి రాదు. దుబాయ్‌లో పోయిన మనిషి మరణాన్ని బడంగ్‌పేట్‌లో రాసుకునే అధికారం ఇక్కడి రిజిస్ట్రార్‌కు లేదు.

మరి దారి ఏంటి? అదే చట్టంలోని 20వ సెక్షన్. విదేశంలో భారత పౌరుడు చనిపోతే అక్కడి మన ఎంబసీ లేదా కాన్సులేట్‌లో మరణాన్ని నమోదు చేయించాలి. ఆ నమోదు ఈ చట్టం కింద చేసినట్టే లెక్క. అంటే ఎంబసీ ఇచ్చే మరణ నమోదు పత్రమే మన డెత్ సర్టిఫికెట్.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తున్నారు. మృతదేహాన్ని పంపడానికి ఎంబసీ ఎన్‌ఓసీ ఇస్తుంది. దాన్నే డెత్ సర్టిఫికెట్ అనుకుంటారు. రెండూ వేర్వేరు కాగితాలు. శవపేటిక విమానం ఎక్కేలోపే అక్కడున్న స్నేహితుడితోనో, కంపెనీ మనిషితోనో మరణ నమోదు కూడా చేయించాలి. ఆ తర్వాత ఇక్కడి నుంచి ఫోన్లు చేసి తెప్పించుకోవాలంటే నెలలు పట్టొచ్చు.

ఇంకో మాట. 'ఇంట్లోనే పోయాడని రాయించేద్దాం, పని తొందరగా అవుతుంది' అని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినొద్దు. తప్పుడు సమాచారం ఇవ్వడం అదే చట్టం కింద నేరం. పైగా పాస్‌పోర్టు మీద విదేశంలో మరణం అని రద్దు ముద్ర, సర్టిఫికెట్ మీద బడంగ్‌పేట్ అని ఉంటే బీమా క్లెయిమ్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

కవర్‌లో ఏయే కాగితాలు ఉండాలి?

అక్కడి ప్రభుత్వం ఇచ్చిన డెత్ సర్టిఫికెట్, దాని ఇంగ్లిష్ అనువాదం. ఎంబసీ మరణ నమోదు పత్రం. రద్దు చేసిన పాస్‌పోర్టు. ఎంబామింగ్ సర్టిఫికెట్. ప్రమాదమో, అనుమానాస్పద మరణమో అయితే పోలీస్ రిపోర్టు. విమాన కార్గో రసీదు. ఎయిర్‌పోర్టులో ఆరోగ్య శాఖ అధికారులు వీటిలో చాలావాటిని చూస్తారు. ఈ అనుమతుల కోసమే కేంద్రం 2023 ఆగస్టులో ఈ-కేర్ పోర్టల్ తెచ్చింది. ఎయిర్‌పోర్టు పని అయిపోయిందని ఏ కాగితాన్నీ పారేయొద్దు.

అక్కడి సర్టిఫికెట్ ఇక్కడ చెల్లాలంటే ధ్రువీకరణ కావాలి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా, సౌదీ, ఒమన్, బహ్రెయిన్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి. అక్కడ ఒక్క అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. యూఏఈ, కువైట్, ఖతర్ ఆ ఒప్పందంలో లేవు. అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆపై మన ఎంబసీ ముద్ర రెండూ వేయించాలి.

పేరు స్పెల్లింగ్ కూడా అక్కడే చూసుకోండి. పాస్‌పోర్టులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే ఆ ఒక్క అక్షరమే ఆ తర్వాత ప్రతి కౌంటర్ దగ్గరా అడ్డుపడుతుంది.

చనిపోయిన వ్యక్తి అప్పటికే అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే కథ వేరు. 20వ సెక్షన్ భారత పౌరులకే. అలాంటప్పుడు అపోస్టిల్ చేయించిన అక్కడి సర్టిఫికెట్టే ఆధారం.

మృతదేహం రాకపోతే?

2025 నవంబర్ 17న మదీనా దగ్గర బస్సు, ఆయిల్ ట్యాంకర్ ఢీకొన్న ఘటన హైదరాబాద్ మర్చిపోలేనిది. 45 మంది ఉమ్రా యాత్రికులు చనిపోయారు. ఎక్కువ మంది మన నగరం వాళ్లే. వాళ్లను మదీనాలోనే ఖననం చేశారు. కుటుంబ సభ్యులను రాష్ట్ర ప్రభుత్వమే అక్కడికి పంపింది.

ఇలాంటి సందర్భాల్లో ఎయిర్‌పోర్టు కాగితాలేవీ ఉండవు. కార్గో రసీదు ఉండదు, ఎంబామింగ్ సర్టిఫికెట్ ఉండదు. అక్కడి డెత్ సర్టిఫికెట్, ఖననానికి కుటుంబం ఇచ్చిన అంగీకార పత్రం, కాన్సులేట్ నమోదు.. ఈ మూడే ఆధారం. అందుకే దేహం రాని ఇంట్లో కాగితం విలువ ఇంకా ఎక్కువ.

ముందు ఎవరికి చెప్పాలి?

అన్ని ఆఫీసులకూ ఒకేరోజు పరిగెత్తాల్సిన పనిలేదు. ఒక వరుస పెట్టుకుంటే చాలు.

మొదటిది, డబ్బు పడుతున్న చోటు. బడంగ్‌పేట్ చుట్టుపక్కల ఆర్‌సీఐ, డీఆర్‌డీఎల్ లాంటి రక్షణ సంస్థలున్నాయి. అక్కడ పనిచేసి రిటైరై, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఉండే దంపతులను చూస్తూనే ఉంటాం. అక్కడ భర్త చనిపోతే ఇక్కడ పింఛన్ ఖాతాలో నెలనెలా డబ్బు పడుతూనే ఉంటుంది. 'వచ్చాక చెబుదాంలే' అనుకుంటే ఆ మొత్తాన్ని తర్వాత వెనక్కి రాబట్టుకుంటారు. వెంటనే పింఛన్ ఇచ్చే బ్యాంకుకు, రాష్ట్ర ఉద్యోగి అయితే ట్రెజరీకి చెప్పాలి. చెబితేనే భార్యకు ఫ్యామిలీ పింఛన్ మొదలవుతుంది. అంటే ఆలస్యం చేస్తే రెండు వైపులా నష్టం.

రెండోది, బ్యాంకు. ఏటీఎం పిన్ తెలుసు కదా అని చనిపోయిన వారి ఖాతా నుంచి డబ్బు తీయొద్దు. నామినీ ఉంటే వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టుకు పోవాల్సిన అవసరం లేదు. పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలని రిజర్వ్ బ్యాంక్ 2025లో ఆదేశించింది.

మూడోది, తహసీల్దార్ ఆఫీసు. మీసేవలో దరఖాస్తు పెట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. నామినీ లేనిచోట, ఆస్తి పేరు మార్పు దగ్గర, చాలా పథకాలకు ఇదే ముందు అడుగుతారు.

నాలుగోది, ఆదాయపు పన్ను. చనిపోయిన రోజు వరకూ వచ్చిన ఆదాయానికి వారసులు రిటర్న్ వేయాలి. దానికి ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో వారసులుగా నమోదు కావాలి. తొందరపడి పాన్ రద్దు చేయించొద్దు. రిటర్న్, రీఫండ్ అన్నీ అయ్యాకే ఆ పని.

చివరగా గుర్తింపు కార్డులు. ఓటరు జాబితాలో పేరు తీయించడానికి ఫారం 7. రేషన్ కార్డులో పేరు తొలగింపునకు మీసేవ. ఆధార్‌కు 2025లో మై ఆధార్ పోర్టల్‌లో కుటుంబ సభ్యుడి మరణం తెలిపే సదుపాయం వచ్చింది. అయితే అది మరణ నమోదు సంఖ్య అడుగుతుంది. ఇక్కడ నమోదైన మరణాలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది. ఎంబసీ పత్రం ఉన్నవాళ్లు ముందు 1947కు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

రావాల్సిన డబ్బు సంగతేంటి?

గల్ఫ్‌కు ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల రూపాయలు వస్తాయి. గుండెపోటుతో పోతే ఈ 10 లక్షలు రావు. అందుకే పోలీస్ రిపోర్టులో, వైద్య నివేదికలో మరణ కారణం ఏం రాశారన్నది చాలా ముఖ్యం. ఈ పాలసీ ఉందన్న సంగతే చాలామంది భార్యలకు తెలియదు. పాలసీ కాగితం భర్త పెట్టెలోనే ఉండిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ దేశాల్లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు. బడంగ్‌పేట్ వాళ్లకు రంగారెడ్డి కలెక్టరేట్. 2024 సెప్టెంబర్ నుంచి బేగంపేట ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ కూడా ఉంది. కంపెనీ నుంచి రావాల్సిన జీతం బకాయిలు, గ్రాట్యుటీ కోసం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

వెళ్లకముందు ఇక్కడ ఉద్యోగం చేసి ఉంటే పీఎఫ్ చూడండి. డబ్బుకు ఫారం 20, భార్య పింఛన్‌కు ఫారం 10డీ. అర్హత ఉన్న పేద కుటుంబాలకు నెలకు 2,016 రూపాయల వితంతు ఆసరా పింఛన్ ఉంది.

భార్య కూడా అక్కడే ఉంటే?

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. అంత్యక్రియల కోసం ఆయన భార్య సునయన దుమాల హైదరాబాద్ వచ్చారు. ఆమె వీసా భర్త హెచ్1బీ మీద ఆధారపడింది. భర్త పోవడంతో అమెరికాలో ఉండే హక్కు కూడా పోయింది. ఒక కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టి సాయం చేస్తేనే ఆమెకు తాత్కాలికంగా ఏడాది పాటు పని చేసుకునే అనుమతి దొరికింది.

అందరికీ అలాంటి సాయం దొరకదు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇండియాకు విమానం ఎక్కేముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. బయటికొచ్చాక తిరిగి వెళ్లడం కష్టం. ఇల్లు, పిల్లల స్కూలు, బ్యాంకు ఖాతాలు అన్నీ అక్కడే ఉండిపోతాయి. యూఏఈ ఈ విషయంలో కాస్త నయం. 2018లో తెచ్చిన మార్పుతో భర్త చనిపోయిన మహిళలకు ఏడాది వరకూ నివాస అనుమతి పొడిగిస్తోంది.

అసలు లోపం ఎక్కడుంది?

ఒక్క మరణం. ఎంబసీకి చెప్పారు. ఎంబసీ అంటే భారత ప్రభుత్వమే. మరి అదే కబురును ఆ ఇల్లాలే బ్యాంకుకు, ట్రెజరీకి, మీసేవకు, పన్ను శాఖకు, ఆధార్‌కు ఎందుకు మోసుకెళ్లాలి?

బ్రిటన్‌లో ఒకసారి చెబితే చాలా శాఖలకు ఆ సమాచారం వెళ్లే 'టెల్ అజ్ వన్స్' సేవ ఉంది. మనకు కూడా చట్టంలో దారి లేకపోలేదు. 2023లో జనన మరణాల చట్టాన్ని సవరించారు. జాతీయ స్థాయి డేటాబేస్‌ను ఓటరు జాబితా, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు లాంటి విభాగాలతో పంచుకునే వీలు కల్పించారు. అది అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎంబసీలో నమోదైన మరణం కూడా ఆ గొట్టంలోంచే ఇక్కడి శాఖలకు చేరితే సగం తిరుగుడు తప్పుతుంది.

రాష్ట్రం చేయగలిగింది కూడా ఉంది. మృతదేహాలను సొంతూరికి చేర్చడానికి శంషాబాద్ నుంచి ఉచిత అంబులెన్స్ ఇస్తున్నారు. ఆంధ్రా వాళ్లకు ఏపీఎన్ఆర్‌టీ ద్వారా అదే సాయం అందుతోంది. శవపేటికను అప్పగించే ఆ కాసేపట్లోనే 'ఈ కాగితాలు ఉన్నాయా, తర్వాత ఇక్కడికి వెళ్లండి' అని తెలుగులో, ఉర్దూలో రాసిన ఒక్క పేజీ చేతిలో పెడితే ఖర్చెంత? ఏమీ లేదు. కానీ దాని విలువ ఆ ఇంటికే తెలుస్తుంది.

అప్పటిదాకా ఎవరి జాగ్రత్త వాళ్లదే. మీ ఇంట్లో ఎవరైనా విదేశాల్లో ఉంటే ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి. పాస్‌పోర్టు కాపీ, బీమా పాలసీ, బ్యాంకు నామినీ వివరాలు వాట్సాప్‌లో పంపమనండి. అడగడానికి మనసు రాకపోవచ్చు. కానీ రేపు కౌంటర్ ముందు ఒంటరిగా నిలబడే రోజే వస్తే పనికొచ్చేది అదే.