గోడకవతల

హైదరాబాదులో మేమున్న అపార్టుమెంటులో పక్కింటికీ మాకూ మధ్య గోడ ఒక్కటే. పక్కింటి మాస్టారు తుమ్మితే మా ఆవిడ ప్రయాణం ఆపి, మంచినీళ్ళు తాగి మరీ బయలుదేరుతుంది. అంత దగ్గర! అయినా ఆయన ఉన్నారని నాకు తెలిసేది వాట్సాప్‌లోనే. పొద్దున్నే అపార్టుమెంటు గ్రూపుకి ఒక గులాబీ పువ్వు పంపుతారు. నేను చేతులు జోడించిన బొమ్మ పంపుతాను. ఆపైన ఎవరి తలుపు వారిది. భార్య పోయి మూడేళ్ళయిందనీ, పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారనీ మా ఆవిడ చెబితే తెలిసింది.

మొన్న ఒకరోజు ఇస్త్రీ అబ్బాయి మా గుమ్మంలో నిలబడి నసిగాడు.

"పెద్దసారు తలుపు తీస్తలేరు సార్. బట్టలు వద్దు, పో అంటున్నరు. నన్నెన్నడూ పో అనలే."

బట్టలు రెండుసార్లు లెక్కపెట్టి గాని ఇవ్వని మనిషి అలా అన్నారంటే ఏదో ఉందని వాడికి తోచింది. నాకు తోచలేదు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నేను ఫోనులో కాకినాడలో పడుతున్న వాన చూస్తున్నాను.

మా ఆవిడే వెళ్ళి తలుపు బాదింది. ఎంతసేపటికో తెరుచుకుంది. మాస్టారి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. చేతిలో ఫోను. అందులో ఖాకీ దుస్తుల ఆసామి ఒకడు దర్జాగా కూర్చుని ఉన్నాడు. మాట్లాడవద్దని మాస్టారు మాకు సైగ చేశారు.

ముందురోజు రాత్రి నుంచీ ఆయన అరెస్టయి ఉన్నారట! తన ఇంట్లో, తన కుర్చీలో. ఆయన పేర మత్తుమందుల పార్సెలు దొరికిందనీ, కెమెరా ముందునుంచి లేచినా, ఎవరికైనా చెప్పినా జైలేననీ బెదిరించారు. తిండి లేదు, నిద్ర లేదు. అప్పటికే 40,000 రూపాయలు పంపేశారు. డిపాజిట్టు తీసెయ్యటానికి బాంకుకి బయలుదేరబోతున్నారు.

డిజిటల్ అరెస్టనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో కూడా ఆ మాట చెప్పారు. ఇది మాస్టారికి తెలియదా? ఆ హెచ్చరికను మా గ్రూపుకి పంపింది ఆయనే! నేను దానికీ చేతులు జోడించాను.

మా ఆవిడ ఫోను లాక్కుని కట్టేసింది. నేను 1930కి ఫోను చేశాను. సైబరు మోసాలకి దేశమంతటా అదే నంబరు. డబ్బు ఖాతాలు మారిపోకముందే చెబితే ఆపే వీలుంటుంది గనుక, ఆలస్యం పనికిరాదు. మాస్టారి డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

"అన్నీ తెలిసి ఎలా నమ్మారు మాస్టారూ?" అన్నాను, అడగకూడదని తెలిసి కూడా.

ఆయన కాఫీ గ్లాసు వంక చూస్తూ, "భయమేసింది బాబూ. రాత్రి పదకొండింటికి ఎవరి తలుపు కొట్టను?" అన్నారు.

పదకొండింటికి నేను మెలకువగానే ఉన్నాను. గోడకవతల ఆయన గొంతు వినిపించింది కూడా. అమెరికాలో ఇప్పుడు పగలు కదా, పిల్లలతో మాట్లాడుతున్నారు కాబోలు అనుకున్నాను.