మన చిత్రములకు చోటేది?

ఉగాది సభ ముగియగానే వందలకొలది ఛాయాచిత్రములు, వీడియోలు మన ఫోనులలో చేరుచున్నవి. అవి ఎచట నిలుచుచున్నవో విచారించువారు అరుదు. సాధారణముగా యాప్ వానిని ఫోను లోపలి నిల్వలోనే చేర్చును. ఫోను చెడినచో అవియును పోవును. మెమరీ కార్డు పట్టు ఫోనులు గలవారు కెమెరా సెట్టింగులలో కార్డును ఎన్నుకొనవచ్చును. కాని ఫోనే పోయినచో కార్డును దానితోనే పోవును. 2015 డిసెంబరు వరదలలో చెన్నపురి ఇండ్లలోనికి నీరు చొచ్చిన సంగతి మరువరాదు. కావున రెండవ ప్రతి వేరొక ఇంటనో, క్లౌడ్‌లోనో ఉండవలెనని మా అభిప్రాయము. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు వ్రాతప్రతులు ఈ నగరపు ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున నేటికిని నిలిచియున్నవన్నచో, తగిన చోట భద్రపరచుటచేతనే గదా! అల్పసంఖ్యాకులమైన మన చరిత్రను మనమే దాచుకొనవలెను. ప్రతి చిత్రమునకు తేదీని, పేర్లను తెలుగున వ్రాసి యుంచుడని సోదర సోదరీమణులకు మా మనవి.