టెలివిజను - శిశువికాసము

నేడు పల్లెలయందు గాని పట్టణములయందు గాని టెలివిజను లేని యిల్లు అరుదు. అది పెద్దలకు వార్తలను, వినోదమును సమకూర్చుచున్నది. అందులకు మాకు ఆక్షేపణ లేదు. కాని తప్పటడుగులు వేయు బిడ్డను దాని యెదుట కూర్చుండబెట్టి, కదలు బొమ్మలను చూపుచు అన్నము తినిపించు అలవాటు మన యిండ్లలో ప్రబలుచున్నది. బిడ్డ అల్లరి మానెను, నాలుగు ముద్దలు అధికముగా తినెనని తల్లిదండ్రులు సంతసించుచున్నారు. ఈ నెమ్మదికి మనము చెల్లించు వెల యెంతయో విచారింపవలసియున్నది.

శిశువునకు భాష వినికిడి మాత్రమున అబ్బునది కాదు. తల్లి పలుకగా బిడ్డ కేరును. బిడ్డ చూపిన వస్తువునకు తల్లి పేరు చెప్పును. ఈ యిచ్చిపుచ్చుకొనుటయే నిజమైన అక్షరాభ్యాసము. 2003వ సంవత్సరమున అమెరికాలో పెట్రీషియా కూల్ అను విదుషియు ఆమె సహచరులును తొమ్మిది నెలల శిశువులకు చీనా భాషను వినిపించి పరీక్షించిరి. మనుష్యులు ఎదుట కూర్చుండి మాటలాడగా విన్న శిశువులు ఆ భాషలోని ధ్వనిభేదములను గుర్తింపగలిగిరి. ఆ మాటలనే టెలివిజనులో చూచి విన్న శిశువులకు ఆ శక్తి అలవడలేదు. 2009లో ప్రకటితమైన మరియొక అమెరికా పరిశోధనలో, టెలివిజను వినబడిన ప్రతి గంటకును శిశువు చెవిని పడు పెద్దల మాటలు సుమారు 770 తగ్గినట్లు తేలినది. బిడ్డ తెరను చూడకున్నను, అది మ్రోగు యింట పెద్దల నోళ్లు మూతపడుచున్నవి. కనుకనే రెండేండ్లు నిండని శిశువులకు తెర వలదనియు, నాలుగేండ్ల వరకు దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో హితవు చెప్పిరి.

అంతమాత్రమున టెలివిజను విషమనుట న్యాయము కాదు. 1969లో అమెరికాలో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ మూడు మొదలు అయిదేండ్ల బాలురకు అక్షరములను, అంకెలను నేర్పినది. మన దేశముననే 1975-76లో కృత్రిమోపగ్రహ సహాయమున ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములందలి సుమారు 2400 గ్రామములకు ప్రసారములు అందినవి. అందు బడిపిల్లలకు ప్రత్యేక కార్యక్రమములుండెను. ఎదిగిన బిడ్డ, మంచి కార్యక్రమము, ప్రక్కనుండి ప్రశ్నలకు బదులు చెప్పు పెద్ద, ఈ మూడును కూడినచో యంత్రము ఉపకారియే యగును. ఇన్ని తెలుగు ప్రసారసంస్థలు వెలసియున్న యీ దినములలో, మన బాలుర వయస్సును, భాషను ఎరిగి కూర్చిన కార్యక్రమములను కోరుట మన హక్కు.

ఇంటి చాకిరితో అలసిన తల్లిని నిందించుట మా అభిమతము కాదు. ప్రొద్దుగూకినది మొదలు వార్తల వాగ్వాదములను మ్రోగించుచు కూర్చుండు తండ్రులను, తాతలనే మేము ప్రశ్నించుచున్నాము. భోజనవేళ ఆ యంత్రమును ఆపుడు. బిడ్డ నెత్తుకొని పెరటిలోనికి పోయి చందమామను చూపుడు, చెట్టు పేరు చెప్పుడు, కథ చెప్పుడు. ఇందులకు కాసు ఖర్చు లేదు. మొలకెత్తు అదనున నీరు కట్టని రైతు కోతలనాడు వగచి ప్రయోజనమేమి?