రోహిణి కార్తెలోనూ మిద్దె తోట ఆగకూడదు

ఎండలు ముదరగానే విజయవాడలో చాలా మేడల మీద కుండీలు ఎండిపోతాయి. వానలు పడ్డాక మళ్లీ చూద్దామని వదిలేస్తారు. కానీ తోటకు అసలు శ్రద్ధ కావాల్సింది ఇప్పుడే. మల్లె విరగబూసేదీ, బచ్చలి, గోంగూర, తోటకూర వేడిని ఓర్చుకుని చిగురించేదీ ఈ రోజుల్లోనే. తొలకరికి వంగ, మిరప నారు చేతికి రావాలంటే ముందే విత్తుకుని నీడలో కాపాడుకోవాలి. మే నెలలో చేయి విడిచిన తోటను జూన్‌లో మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిందే.

ప్రకాశం బ్యారేజీ కింద కాలువలు కట్టేసే కాలంలో మొక్కలకు నీళ్లెక్కడివన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే నీళ్లు ఎక్కువగా వృథా అయ్యేది పోసే తీరులోనే. మిట్టమధ్యాహ్నం పైపుతో చిమ్మితే చాలావరకు ఆవిరవుతుంది. తెల్లవారుజామున మొదళ్లలో పోసి, పైన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ రెండంగుళాల మందాన పరిచి చూడండి. సాయంత్రం వేలు గుచ్చితే మట్టి ఇంకా చల్లగానే తగులుతుంది. డెల్టాలో వరిగడ్డికి కొదవలేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు రోజూ తూములో పోసేవే; వాటిని కుండీలకు మళ్లించవచ్చు. శ్లాబు నెమ్మెక్కుతుందన్న భయానికీ మార్గముంది: కుండీలను స్టాండ్ల మీద, గోడల వెంబడి పెట్టి, నీరు నిలవకుండా చూసుకోవాలి.

కోసిన పూటే వండే ఆకుకూర రుచి, మొగ్గలు తెంపే సాయంకాలపు సంతోషం ఈ శ్రమకు తగిన ఫలితాలు. అపార్ట్‌మెంట్ సంఘాలు మేడ తలుపులు తెరిచి, నగరపాలక సంస్థ తడిచెత్త ఎరువును వార్డుల్లోనే అందిస్తే, ఈ పని ఎందరికో సాధ్యమవుతుంది.