జీర్ణోద్ధరణకూ హద్దుంది

శిథిలమైన ఆలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. పాతబడిన వస్తువును పారవేయక బాగుచేసుకోవడం మన సమాజానికి కొత్త కాదు. గొడ్డలికి కొత్త పిడి వేసుకోవడం, ఇత్తడి పాత్రకు కళాయి పూయించడం ఆ గుణానికి నిదర్శనాలు. ఇన్వర్టరుకో, ట్రాక్టరుకో వాడిన బ్యాటరీ శక్తి కోల్పోయినప్పుడు దానిని బాగుచేయాలనుకోవడం కూడా అటువంటిదే. అది మెచ్చదగిన గుణం. అయితే ఇత్తడి పాత్రలో ఉండేది నీరు. బ్యాటరీలో ఉండేది గంధకామ్లం. ఈ భేదాన్ని మరచిన పొదుపు ప్రమాదానికి దారితీస్తుంది.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు సజల గంధకామ్లంలో మునిగి ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులనిచ్చే గదులు ఆరు కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది. విద్యుత్తును వాడుకొనేకొద్దీ పలకలమీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఛార్జి చేసినప్పుడు అది పూర్వరూపం పొందుతుంది. ఛార్జి లేకుండా నెలల తరబడి వదిలివేస్తే మాత్రం ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి పలకలను కప్పివేస్తుంది. ఇలా నిర్లక్ష్యంవల్ల అకాలంగా మూలపడే బ్యాటరీలు ఎన్నో!

అటువంటి బ్యాటరీకి కొంతవరకు చికిత్స ఉంది. పలకలు బయటపడి ఉంటే అవి మునిగేంతవరకే స్వేదనజలం పోసి, తక్కువ విద్యుత్తుతో చాలాసేపు ఛార్జి చేసి, ఆ తరువాత గుర్తువరకు నింపాలి. కుళాయినీటిలోని లవణాలు పలకలకు హాని చేస్తాయి. తరిగిపోయేది సాధారణంగా నీరే కాని ఆమ్లం కాదు. కనుక “యాసిడ్ పోస్తే బలం వస్తుంది” అనే నమ్మకం బ్యాటరీ ఆయువును తగ్గిస్తుంది. పూర్తిగా ఛార్జి అయిన ద్రవం సాంద్రత హైడ్రోమీటరులో సుమారు 1.28 చూపాలి. ఎంత ఛార్జి చేసినా ఒక గది వెనుకబడే ఉంటే దాని పలకలు దెబ్బతిన్నాయని గ్రహించాలి. అక్కడితో ప్రయత్నం విరమించడమే వివేకం.

ఈ పని చేసేవారు కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు, రబ్బరు చేతొడుగులు ధరించాలి. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే పేలగలదు. కాబట్టి గాలి ఆడే చోటనే పని సాగాలి. బీడీ, అగ్గిపుల్ల దరిచేరరాదు. ఛార్జరును ఆపిన తరువాతనే తీగలు విప్పాలి. ఆమ్లాన్ని పలుచన చేయవలసివస్తే నీటిలోనే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీరు పోస్తే అది ఉడికి పైకి చిమ్ముతుంది. నేలపై ఒలికితే వంటసోడా చల్లాలి. కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీటిధారతో కడిగి వైద్యునివద్దకు పోవాలి. తాగునీటి సీసాలో ఆమ్లం నింపడం ఇంటిల్లిపాదికీ ముప్పు. మూత తెరవని సీలు బ్యాటరీలను, లిథియం బ్యాటరీలను విప్పడానికి ప్రయత్నించనేరాదు.

పేదవానికి ఇన్ని నియమాలు సాధ్యమా అని కొందరు ప్రశ్నించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని కంటి అద్దాల ఖరీదు కంటిచూపుకన్నా ఎక్కువ కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభమేమి?

ఇక బాగుపడని బ్యాటరీని పెరటిలో పగులగొట్టి సీసం తీసి అమ్మడం మరింత అనర్థం. సెనెగల్ రాజధాని డాకర్ శివారులో అటువంటి పనివల్ల మట్టి సీసంతో విషపూరితమైంది. 2007 నవంబరు నుండి 2008 మార్చి వరకు అక్కడ 18 మంది పిల్లలు మరణించారు. దానికి సీసమే కారణమని పరిశీలనలు సూచించాయి. మన దేశంలో 2022నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీల సేకరణ, పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. పాత బ్యాటరీని దుకాణదారుకు అప్పగిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గింపు లభించడం వాడుకలో ఉన్నదే.

ప్రాణం పోయదగినదానికి ప్రాణం పోయడం నేర్పు. పోయరానిదాన్ని తగిన చోటికి పంపడం బాధ్యత. ఈ రెండూ తెలిసిన పొదుపే నిజమైన పొదుపు.