పొలరాయిడ్ జల్లెడ కాదు

కాంతి ధ్రువణం గురించిన పాఠాల్లో ఒక బొమ్మ తరచు కనిపిస్తుంది. నిలువు కర్రలతో కట్టిన కంచె, దాని సందులోంచి పోయే తాడు. తాడును పైకీ కిందికీ ఊపితే అల అవతలికి పోతుంది. పక్కలకు ఊపితే కర్రల దగ్గరే ఆగిపోతుంది. పొలరాయిడ్ పలక కూడా ఇలాగే పనిచేస్తుందని చెబుతారు. కాంతి తిర్యక్ తరంగమని చూపటానికి ఈ బొమ్మ మంచిదే. పలక పనిని వివరించటానికి మాత్రం దీనిని వాడకపోవటమే మేలని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

మామూలు దీపం వెలుగులో కంపనాలు అన్ని దిశలలోనూ ఉంటాయి. పలక జల్లెడలాగా తన దిశకు సరిగ్గా సరిపోయిన కంపనాలనే వదిలితే, అవతలికి వచ్చే వెలుగు దాదాపు శూన్యం కావాలి. కాని ఆదర్శమైన పలక సగం వెలుగును వదులుతుంది. (నిజమైన పలక ఇంకొంచెం మింగుతుందనుకోండి.) ఏటవాలు కంపనంలో కూడా తన అక్షం వెంబడి ఉన్న అంశను అది పోనిస్తుంది. లంబంగా ఉన్న అంశను పీల్చుకుంటుంది. అందువల్ల కంపన పరిమితి ఆ కోణపు కొసైన్ వంతుకు తగ్గుతుంది. తీవ్రత కంపన పరిమితి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది కొసైన్ వర్గం వంతు అవుతుంది. అన్ని కోణాలకూ సరాసరి కడితే సగం వస్తుంది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాలూస్ 1809లో చెప్పిన నియమం ఇదే. అంతకు ముందటి ఏడు పారిస్‌లోని లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద మెరిసే ఎండను ఆయన కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. తమాషా ఏమంటే, ఆయన కాంతిని కణాలుగా భావించినవాడు!

ఇప్పుడు రెండు పలకలను అడ్డంగా, అంటే 90 డిగ్రీల కోణంలో పెట్టండి. చీకటి. వాటి మధ్య మూడో పలకను 45 డిగ్రీల వాలుగా దూర్చండి. వెలుగు వస్తుంది! మొదటి పలక తర్వాత సగం, మధ్యదాని తర్వాత పావు, చివరిదాని తర్వాత 8వ వంతు. రెండు జల్లెడల మధ్య మూడోది పెడితే ఎక్కువ పిండి రాలటం ఎవరైనా చూశారా? మధ్య పలక కాంతిని వడగట్టటమే కాదు, దాని కంపన దిశను కూడా మార్చింది. కంచె బొమ్మలో 0, 90 డిగ్రీలే ఉంటాయి. 45 గురించి అది నోరు విప్పదు.

ఇంకో తిరకాసు ఉంది. ఎడ్విన్ లాండ్ 1938లో రూపొందించిన పలకలో, సాగదీసిన ప్లాస్టిక్ పొరలోని పొడవాటి అణువులు ఒకే దిశలో వరుసగా ఉంటాయి. వాటికి అయొడిన్ పట్టిస్తారు. ఆ గొలుసుల వెంబడి ఉన్న కంపనాన్నే పలక పీల్చుకుంటుంది, లంబంగా ఉన్నదాన్ని వదులుతుంది. కంచె చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు!

పరీక్షలో కంచె బొమ్మే అడుగుతారని కొందరు అంటారు. అడగనివ్వండి. మూడు పలక ముక్కలు తరగతికి తెచ్చి, మూడోది దూర్చేముందు ఏమవుతుందో పిల్లలచేత ఊహించి రాయించటానికి పట్టేది పది నిమిషాలు. ముక్కలు దొరకకపోతే పొలరాయిడ్ చలువ కళ్లద్దాల్లోంచి కాలిక్యులేటర్ తెరను చూస్తూ దాన్ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర మొత్తం నల్లబడుతుంది.

అడ్డంగా పెట్టిన పలకల మధ్య ఒకటి కాక రెండు పలకలు, 30, 60 డిగ్రీలలో పెడితే? ప్రతి మెట్టులోనూ ముప్పావు వంతు మిగులుతుంది. లెక్క కడితే మొదటి వెలుగులో 128కి 27 వంతులు. మూడు పలకలతో వచ్చింది 128కి 16 వంతులే!