గులాబీ పూత కోసం సముద్రాన్ని తవ్వొద్దు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడాలు పెంచాలనుకునేవారు మొదట ఆశపడేది రాళ్ల మీద పట్టే గులాబీ, ఊదా రంగు పూత కోసం. దాని పేరు కోరలైన్ ఆల్గే. ఎర్ర నాచుల కుటుంబానికి చెందినదే అయినా, ముట్టుకుంటే పాచిలా జారదు. తన కణాల గోడల్లో మెగ్నీషియం కలిసిన కాల్షియం కార్బొనేట్‌ను నింపుకుని, గట్టి పెంకులా రాయిని అంటిపెట్టుకుంటుంది. సముద్రంలో విరిగిన పగడపు ముక్కల్ని అతికించి దిబ్బగా నిలబెట్టడంలో దీని పాత్ర పెద్దది. నీటిలో తేలే పగడపు లార్వాలు కాలూనే చోటు వెతుక్కునేటప్పుడు, చాలా జాతులు ఈ పూత ఉన్న రాతినే ఎంచుకుంటాయి. అందుకే అభిరుచిపరులు దీన్ని తొట్టి ఆరోగ్యానికి గుర్తుగా చూస్తారు. దీన్ని త్వరగా సంపాదించడానికి వాళ్లకు అలవాటైన దారి, సముద్రం నుంచి తీసిన ‘లైవ్ రాక్’, అంటే జీవులు పట్టి ఉన్న దిబ్బ రాయి, కొనడం. ఆ దారి మానేయాలి. ఎండు రాయి మీద ఈ పూతను ఇంట్లోనే పెంచుకోవచ్చు. సున్నపురాతి నేల మీదే ఊళ్లు కట్టుకున్న వికారాబాద్ జిల్లా తాండూరు ప్రాంతం వారికైతే సముద్రపు రాయితో పనే లేదు.

సముద్రం నుంచి రాయి తీస్తూ పోతే ఏమవుతుందో తమిళనాడు తీరం చూసింది. మన్నార్ సింధుశాఖలో దశాబ్దాల పాటు పగడపు దిబ్బల్ని గడ్డపారలతో పెకలించి, పడవలకెత్తి, సున్నానికీ తూత్తుకుడి వైపు పరిశ్రమలకూ తరలించారు. 1986లో ఆ దీవుల్ని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించాక కూడా తవ్వకం పూర్తిగా ఆగలేదు. అక్కడి 21 దీవుల్లో పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అనే రెండు ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి. చుట్టూ ఉన్న దిబ్బల్ని తవ్వేయడంతో అలల్ని అడ్డుకునే గోడ పోయి, ఇసుక కోసుకుపోయింది. 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పులి ఎంతో పగడమూ అంతే. అంతర్జాతీయ వ్యాపారంలో లైవ్ రాక్ కూడా సైటిస్ ఒప్పందం నియంత్రణలోనే ఉంది. ఒక తొట్టికి కావలసింది కొన్ని కిలోలే కదా అనవచ్చు. కానీ ఆ కొన్ని కిలోలు పేరుకోవడానికి సముద్రంలో ఎన్నో ఏళ్లు పడుతుంది, కొనేవాడు ఒక్కడే ఉండడు.

తాండూరు సంగతికి వద్దాం. ఇళ్లలో నేలకు పరిచే నీలి, పసుపు నాపరాళ్లు ఇక్కడి నుంచే ఊరూరికీ వెళ్తాయి. భూగర్భ శాస్త్రంలో భీమా బేసిన్ అని పిలిచే ప్రాంతంలో విస్తరించిన ఈ రాయి కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రపు అడుగున సున్నపు బురదగా పేరుకుని గట్టిపడింది. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం తాండూరులో వెలిసింది ఈ రాయి వల్లే. మరి ఇంత కాల్షియం ఉన్న రాయిని తొట్టిలో వేస్తే చాలు, నాచుకు కావలసిన మేత అదే దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సముద్రపు ఉపరితల నీటిలో ఉదజని సూచిక సుమారు 8.1 ఉంటుంది. ఆ నీటిలో కాల్షియం కార్బొనేట్ అప్పటికే పట్టగలిగినదాని కంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి, అందులో పడ్డ సున్నపురాయి కరగదు. తాండూరు రాయి నాచుకు చోటిస్తుంది, మేతనివ్వదు. పైగా అది చిక్కని రాయి. పగడపు రాతిలా సన్నని రంధ్రాలుండవు కాబట్టి నీటిని శుద్ధి చేసే బాక్టీరియా లోపల పెద్దగా నిలవదు. కనుక దాన్ని అడుగు పేర్పుకూ, పగడపు ముక్కల్ని అంటించే పలకలుగానూ వాడుకుని, బాక్టీరియా కోసం రంధ్రాలున్న కృత్రిమ రాయినో సిరామిక్ ముక్కల్నో జతచేయడం మేలు. పాలిష్ పట్టిన వైపు కాకుండా గరుకు వైపు పైకి పెట్టాలి. తుప్పు రంగు చారలున్న ముక్కల్నీ, కోత యంత్రం నూనె అంటిన వాటినీ పక్కన పెట్టేయాలి.

మేత నీటిలో ఉండాలి. సహజ సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. నీటిలోని కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలతైన ఆల్కలినిటీ, డీకేహెచ్ అనే ప్రమాణంలో, ఏడుకు కాస్త అటూఇటూ ఉంటుంది. తొట్టిలో కాల్షియం 400-450, ఆల్కలినిటీ 8-9, మెగ్నీషియం 1,300 దగ్గర నిలిపితే నాచుకు చాలు. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. నాచు పెంకు కట్టుకుంటూ ఆల్కలినిటీని ఒక డీకేహెచ్ తగ్గిస్తే, అదే సమయంలో కాల్షియం ఏడు మిల్లీగ్రాములే తగ్గుతుంది. 420లో ఏడు తగ్గితే ఇంటి పరీక్ష కిట్ పట్టుకోలేదు. ఎనిమిదిలో ఒకటి తగ్గితే ఎవరికైనా కనిపిస్తుంది. అందుకే రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ. నాచు పెరగడం లేదని కాల్షియం సీసాలు ఒకదాని మీద ఒకటి పోసేవారు సాధారణంగా చూడనిది దీన్నే. మెగ్నీషియం మరీ తగ్గితే, వేసిన సున్నమంతా నాచుకు అందకుండా హీటరు మీదా పంపు రెక్కల మీదా తెల్లగా గడ్డకడుతుంది. అలాగని అదనంగా పోస్తే నాచు రెండింతలు పెరుగుతుందనుకోవడం వట్టి ఆశ.

రోజువారీ మేతకు అన్నిటికంటే చవకైనది మనకు తరతరాలుగా తెలిసిందే, సున్నపు తేట. గోడలకు వేసే సున్నంలోనూ తాంబూలపు సున్నంలోనూ ఏమేం కలుస్తాయో చెప్పలేం కాబట్టి, ఆహార ప్రమాణాలున్న కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి తీసుకోవాలి. లీటరు ఆర్వో నీటిలో ఒకటిన్నర గ్రాములకు కొంచెం ఎక్కువే కరుగుతుంది. మిగిలింది అడుగున చేరుతుంది. పైన తేరిన స్వచ్ఛమైన నీటినే చుక్కచుక్కగా, రాత్రిపూట వేయాలి. దాని ఉదజని సూచిక 12 దాటుతుంది, ఒక్కసారి గుమ్మరిస్తే చేపలు బతకవు. తాండూరు వేసవి ఇక్కడ ఒక విధంగా సాయపడుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టిలో నీరు వేగంగా ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. ఆ తరుగును మంచినీటితోనే పూరించాలి. ఆ మంచినీరే సున్నపు తేట అయితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అయితే అదే ఎండ నీటిని 30 డిగ్రీలకు చేర్చి అక్కడే ఉంచితే పగడాలు తెల్లబారే ప్రమాదం ఉంది. ఫ్యాన్‌తోనో చిల్లర్‌తోనో 25, 26 దగ్గర నిలపలేనివారు ఈ పనికి దిగకపోవడమే మంచిది. ఇక బోరు నీటిలో సున్నం ఉంది కదా, అదే పోస్తే పోదా అంటారు. బిందె అడుగున తెల్లటి పొర కట్టే ఆ నీటిలో నైట్రేటు, సిలికా ఎంతెంత ఉన్నాయో ఎవరు చెప్పగలరు? అవి పెంచేది గోధుమ రంగు పాచిని. ఆర్వో తప్పదు.

ఎండు రాయితో మొదలుపెడితే విత్తనం ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు కష్టమైనది కాదు. మరొకరి తొట్టి అద్దం మీద ఉన్న పూతను బ్లేడుతో గీకి, ఆ పొడిని పంపు ముందు వదిలితే చాలు. పూత పట్టిన నత్త గుల్ల ఒక్కటి తెచ్చి వేసినా అంటుకుంటుంది. లైవ్ రాక్‌తో బాక్టీరియా కూడా వస్తుందన్న మాట నిజమే. అయితే ఎండు రాయి మీద కూడా అమ్మోనియా వేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగితే బాక్టీరియా స్థిరపడుతుంది. అదీగాక లైవ్ రాక్‌తో పాటు పగడాల్ని కుట్టే ఐప్టేసియా అనే జీవులూ, చేపల్ని వేటాడే మాంటిస్ రొయ్యలూ వచ్చి చేరవచ్చు. వెలుగు చాలదేమోనన్న భయమూ అక్కర్లేదు. బహమాస్ దగ్గర 268 మీటర్ల లోతున కూడా ఈ నాచు బతుకుతున్నట్టు కనుగొన్నారు. మామూలు నీలి కాంతి దీనికి సరిపోతుంది. అసలు కష్టం మరొకటి ఉంది, దాన్ని దాచకూడదు. మొదటి రెండు మూడు నెలలు రాయి మీద గోధుమ రంగు, ఆపైన పచ్చ పాచి పట్టి తొట్టి అందవిహీనంగా ఉంటుంది. నత్తలు ఆ పాచిని మేస్తుండగా, ఫాస్ఫేటు తక్కువగా ఉంటే, రాయి పక్కల ముందు చిన్న గులాబీ చుక్కలు కనిపిస్తాయి. అవి నాణేలంతై, అంచులు కలుసుకుని పూతవుతాయి. చాలామంది లైవ్ రాక్ కొనేది ఈ నెలల్ని తప్పించుకోవడానికే. నీళ్లు ఇంకా నిలకడకు రాని తొట్టిలో డబ్బుతో తెచ్చిన పూత కూడా తెల్లబారి రాలిపోతుంది.

తాండూరు క్వారీలు మాత్రం నేలకు హాని చేయడం లేదా అని అడిగేవారున్నారు. చేస్తున్నాయి. వదిలేసిన గుంతలు, పాలిష్ యూనిట్ల నుంచి పారే తెల్ల బురద, పొలాల మీద దుమ్ము ఈ ప్రాంతపు నిజమైన బాధలే. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది కూడా ఈ నేల మీదే కాబట్టి ఆ బాధ ఇంకా పెద్దది. అయితే తొట్టి కోసం ఎవరూ కొత్తగా క్వారీ తవ్వరు. పాలిష్ యూనిట్ల పక్కన కుప్పలుగా పారేసిన విరిగిన ముక్కల్లో సంచెడు చాలు. ఆ ముక్కకూ సముద్రంలో బతికి ఉన్న దిబ్బ ముక్కకూ పోలిక లేదు. వేడెక్కుతున్న సముద్రాల్లో పగడాలు తెల్లబారిపోతున్నాయి. నీటిలో ఆమ్లం పెరిగితే ముందుగా కరిగే సున్నం ఈ కోరలైన్ నాచుదే. ఇంత ఒత్తిడిలో ఉన్న దిబ్బల నుంచి అలంకరణ కోసం రాయి తీయడాన్ని ఏ అభిరుచీ సమర్థించలేదు. కాబట్టి తొట్టి పెట్టుకోబోయేవారికి ఒకటే విన్నపం. దుకాణంలో లైవ్ రాక్ చూపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో, దిగుమతి పత్రాలేవో అడగండి. సూటిగా సమాధానం రాకపోతే కొనకండి. ఎండు రాయి తీసుకుని ఆల్కలినిటీ కిట్‌తో మొదలుపెట్టండి.